కదిలే బండికి ఇంటి పైపులు సరిపోవు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. వ్యాన్లను, మినీ బస్సులను చిన్నపాటి ఇళ్లుగా మార్పించుకొని కుటుంబంతో ప్రయాణాలు చేసే అలవాటు మన ఓరుగల్లు ప్రాంతంలోనూ మొదలైంది. ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకొని మేడారం వెళ్లి చెట్ల కింద గుడారాలు వేసుకున్న కుటుంబాల వారే ఇప్పుడు లోపల పడకలు, వంటగట్టు, సింకు, నీళ్ల ట్యాంకు, చిన్న స్నానాలగది అమర్చుకున్న బండ్లలో సమ్మక్క, సారలమ్మల దర్శనానికి వస్తున్నారు. జాతర లేని రోజుల్లో అవే బండ్లు లక్నవరానికి, రామప్పకు, బొగత జలపాతానికి, కాళేశ్వరానికి తిరుగుతున్నాయి. అమెరికాలో ఆర్‌వీ అనీ, యూరప్‌లో క్యారవాన్ అనీ పిలిచే ఈ బండ్ల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు పడకల గురించి, సోలార్ పలకల గురించి, ఏసీల గురించి వివరంగా చెబుతాయి గానీ నీళ్ల పైపుల సంగతి ఎత్తవు. యాత్ర ముగించుకొని ఇంటికి చేరిన బండి మరమ్మతుకు వచ్చేది మాత్రం చాలావరకు ఆ పైపుల వల్లనే.

ప్లంబింగ్ పని చేయడంలోనూ, కుర్రాళ్లకు ఆ పని నేర్పడంలోనూ చాలా ఏళ్లు గడిపినవాణ్ణి. ఇలాంటి బండికి పైపును, ఫిట్టింగులను ఎంచుకునేటప్పుడు ధర అడిగే ముందు యజమాని ఒక సంగతి అడగాలని నా అభిప్రాయం: తాడ్వాయి అడవి దారిలో సింకు కింద నీళ్లు కారడం మొదలైతే, రెండు స్పానర్లు, ఒక పైపు కట్టరు చేతిలో ఉన్న మామూలు మనిషి ఆ జాయింటును విప్పి, పాడైన ముక్క తీసేసి, కొత్తది బిగించి, అదే పూట వంట మొదలుపెట్టగలడా? ఈ పరీక్షకు నిలబడని పైపు ఎంత మంచి కంపెనీదైనా కదిలే బండిలో బరువే.

మన దగ్గర బండి లోపలి పని చేసేవాళ్లలో ఎక్కువమందికి వెల్డింగు, వడ్రంగం బాగా తెలుసు. నీళ్ల పని దగ్గరికి వచ్చేసరికి ఇంటికి వాడే సీపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ పైపునే తెచ్చి, సొల్యూషన్ పూసి అతికించి, దాని మీద ప్లైవుడ్ కొట్టేస్తారు. సీపీవీసీని నేను తప్పుపట్టడం లేదు. ఐఎస్ 15778 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న పైపును పద్ధతి ప్రకారం అతికిస్తే ఇంటి గోడలో అది ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టదు, గీజరు నుంచి వచ్చే వేడి నీటినీ తట్టుకుంటుంది. అయితే గోడ కదలదు, బండి కదులుతుంది. గుంతలో చక్రం పడ్డ ప్రతిసారీ బండి ఛాసిస్ కొద్దిగా మెలి తిరుగుతుంది, దాని మీద బిగించిన చెక్క పని మరోవైపుకు ఊగుతుంది, నిండిన ట్యాంకు తన బరువుతో తాను వేరుగా కుదుపుతుంది. లీటరు నీళ్లు కిలో బరువు కనుక 100 లీటర్ల ట్యాంకు అంటే బ్రేకు వేసిన ప్రతిసారీ క్వింటాలు బరువు ముందుకు నెట్టడమే. వంగని పైపు ఆ కదలికను తాను మింగలేదు, జాయింటు మీదికి నెడుతుంది. అతికించిన జాయింటు సాధారణంగా ఊడి రాదు. దాని పక్కన, ముఖ్యంగా ఇత్తడి మరలు పొదిగిన ఎఫ్‌టీఏ (కుళాయి వంటివి మరతో బిగించే ఫిట్టింగు) మెడ దగ్గర, వెంట్రుకవాసి బీట పడుతుంది.

ఒత్తిడి సంగతి కూడా ఇంటికీ బండికీ ఒకటి కాదు. పది మీటర్ల ఎత్తున్న నీటికి సుమారు 14 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి వస్తుంది కనుక, రెండంతస్తుల ఇంటి మీద ట్యాంకు ఉన్నప్పుడు కింది కుళాయికి వచ్చేది పది పీఎస్ఐకి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. బండిలో వాడే 12 వోల్టుల డయాఫ్రం పంపు దాదాపు 35 నుంచి 55 పీఎస్ఐ దాకా ఎక్కించి ఆగుతుంది, కుళాయి తిప్పగానే మళ్లీ మొదలవుతుంది. అంటే మన ప్లంబర్లు ఇంట్లో బిగించినప్పుడు ఒక్క చుక్కైనా కారని మర, బండిలో నాలుగైదు రెట్ల ఒత్తిడికి గురవుతుంది, అదీ నిలకడగా కాకుండా కొట్టుకుంటూ వచ్చే ఒత్తిడికి. ఈ లెక్క తెలియకుండా ‘మా ఇంట్లో ఇదే వేశాం, ఏమీ కాలేదు’ అనే మాటకు విలువ ఇవ్వలేం.

మా మేనల్లుడు మార్పించుకున్న మినీ బస్సులో జరిగింది చెబితే విషయం తేటపడుతుంది. ములుగు దాటి ఏటూరునాగారం వైపు కొంతదూరం వెళ్లేసరికి సింకు కింద చాప తడిసింది. అక్కడ దొరికిన ప్లంబరు మంచి పనివాడే. చూసి, ‘గమ్ము పెడితే అయిపోతది సార్, జెరసేపు పంపు ఇడ్వకుండ్రి’ అన్నాడు. కానీ సొల్యూషన్ పట్టాలంటే పైపు పొడిగా ఉండాలి, ఆ లైన్లో ట్యాంకు నుంచి నీళ్లు సన్నగా దిగుతూనే ఉన్నాయి, ఆపడానికి మధ్యలో ఒక్క వాల్వు కూడా లేదు. పోనీ కోసి కొత్త ఎల్బో, అంటే మలుపు ముక్క, వేద్దామంటే, బండి కట్టినవాళ్లు ఎల్బోకు టీ (మూడు దారుల ముక్క), టీకి మళ్లీ ఎల్బో ఆనించి అతికించారు. రెండు ఫిట్టింగుల మధ్య కోయడానికి అంగుళం పైపైనా లేదు. బీట వేసింది ఒక్క ఎఫ్‌టీఏ అయితే పారేయవలసి వచ్చింది మొత్తం గుత్తిని. అతికించే పద్ధతికి ఉన్న అసలు ఇబ్బంది ఇదే: ఆ ఫిట్టింగు ఒక్కసారికే పనికొస్తుంది, ప్రతి మరమ్మతూ కొంత పైపును తినేస్తుంది, పైగా కొత్త అతుకు పంపు ఒత్తిడిని తట్టుకునేంతగా ఆరడానికి గంటలు పడుతుంది. తొందరపడి పంపు వేస్తే పని మళ్లీ మొదటికి వస్తుంది.

అమెరికాలో ఆర్‌వీలు తయారు చేసేవాళ్లు ఈ పాఠం ఖరీదుగానే నేర్చుకున్నారు. అక్కడ 1978 నుంచి 1995 వరకు ఇళ్లలో, ఆర్‌వీలలో పాలిబ్యూటిలిన్ అనే బూడిదరంగు పైపు విరివిగా వాడారు. మెత్తగా వంగేది, పని తేలికయ్యేది. నీటిలోని క్లోరిన్ వల్ల ఆ పైపు, అంతకంటే ముందు దాని ప్లాస్టిక్ ఫిట్టింగులు పెళుసెక్కి లీకులయ్యాయి, వ్యవహారం కోర్టులకెక్కింది, 1995లో కంపెనీలు వేల కోట్ల రూపాయలకు సమానమైన మొత్తంతో రాజీకి వచ్చాయి. ఆ తర్వాత అక్కడి బండ్లలో స్థిరపడింది పెక్స్. పాలిథిలిన్ గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసి తయారుచేసే ఈ పైపు చేత్తో వంగుతుంది. మలుపు దగ్గర ఎల్బో అక్కరలేదు, ఎల్బో లేకపోతే అక్కడ లీకయ్యే జాయింటూ లేదు. అర అంగుళం పెక్స్ 23 డిగ్రీల దగ్గర 160 పీఎస్ఐ, 82 డిగ్రీల దగ్గర 100 పీఎస్ఐ తట్టుకునేలా తయారవుతుంది. బండి పంపుకు అది కావలసినంత కంటే ఎక్కువే. ఎర్రది, నీలంది అని రంగులు వేరుగా ఉన్నా పైపు ఒకటే, వేడి లైను ఏదో చల్లని లైను ఏదో గుర్తుకోసం అంతే.

పెక్స్ మన దుకాణాల్లో అడిగిన వెంటనే దొరకదు. దానికి దగ్గరగా, మన హార్డ్‌వేర్ వీధిలో తెలిసిన సరుకు కాంపోజిట్ పైపు. లోపల, బయట పాలిథిలిన్ పొరలు, మధ్యలో పలుచని అల్యూమినియం రేకు ఉంటాయి. ఐఎస్ 15450 దీనికి సంబంధించిన ప్రమాణం. దుకాణంలో 1216 అని అడిగితే ఇచ్చేది లోపల 12, బయట 16 మిల్లీమీటర్ల పైపు, అర అంగుళం కనెక్షన్లకు సరిపోయేది. చేత్తో వంచితే వంచినట్టే నిలబడడం దీని గొప్ప సుగుణం, పెక్స్ అయితే మళ్లీ సాగి తన దారి తాను చూసుకుంటుంది. కానీ ఒకేచోట పదేపదే వంచి సాపు చేస్తే లోపలి రేకు నలిగి పైపు మడత పడుతుంది. మలుపు వ్యాసార్థం కనీసం నాలుగు వేళ్ల వెడల్పైనా ఉంచి, అనుకున్న ఆకారానికి ఒక్కసారే వంచాలి. వేడి నీళ్ల లైనుకు మాత్రం లోపలి పొర పెక్స్ అని పైపు మీద ముద్ర ఉన్నదే కొనాలి. మామూలు పాలిథిలిన్ పొర ఉన్నది గీజరు వేడికి తగదు.

ఇక అసలు విషయం ఫిట్టింగులు. కాంపోజిట్ పైపుకు ఇత్తడి కంప్రెషన్ ఫిట్టింగు వస్తుంది: ఒక నట్టు, చీలిక ఉన్న ఒక రింగు, పైపు లోపలికి దూరే ముక్కు, దాని మీద రెండు రబ్బరు ఓ-రింగులు, పైపు అంచు ఇత్తడికి ఆనే చోట ఒక తెల్లని వాషరు. ఆ వాషరు చిన్నదని పారేయకూడదు. అల్యూమినియం అంచు, ఇత్తడి తడిలో నేరుగా తగిలితే రేకు తినేసుకుపోతుంది, దాన్ని ఆపడానికే అది ఉంది. పైపును హాక్సా బ్లేడుతో కోస్తే అంచు వంకరపోతుంది, పొట్టు లోపల మిగులుతుంది. కత్తెరలాంటి పైపు కట్టరుతో నిలువుగా కోసి, కోసిన నోటిని రీమరుతో గుండ్రంగా తెరిచి, లోపలి అంచును కాస్త ఏటవాలుగా గీకాలి. ఈ ఒక్క పని మానేసినందుకే నేను చూసిన లీకుల్లో చాలా జరిగాయి: పదునైన అంచు లోపలికి దూరుతూ ఓ-రింగును కోసేస్తుంది, బయటికి ఏమీ కనిపించదు, నట్టు ఎంత బిగించినా కారడం ఆగదు. అప్పుడు మన వాళ్లు ఇంకా బిగిస్తారు, రింగు పైపులోకి దిగబడుతుంది. చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన స్పానరుతో ఇంచుమించు ఒక చుట్టు తిప్పితే చాలు. ఒక స్పానరు నట్టు మీద, ఇంకొకటి ఫిట్టింగు ఒంటి మీద ఉండాలి, లేకపోతే బిగించిన తిప్పుడంతా పైపుకు ఎక్కుతుంది. కొత్తగా బిగించిన బండిని ఒకరోజు తిప్పి వచ్చాక నట్టులన్నీ మరోసారి చేయి వేసి చూసుకోవాలి.

అమెరికాలోని మన పిల్లలు పంపే వీడియోలు చూసి పుష్-ఫిట్ ఫిట్టింగులు తెప్పించుకునేవాళ్లు ఈమధ్య పెరిగారు. షార్క్‌బైట్ పేరుతో ప్రసిద్ధమైన రకం అది. పైపును నేరుగా లోపలికి నెడితే చాలు, లోపలి ఉక్కు పళ్లు పట్టుకుంటాయి, ఓ-రింగు నీటిని ఆపుతుంది. మన ఇళ్లలో ఆర్‌వో యంత్రానికి సన్నని తెల్ల గొట్టాన్ని నెట్టి తగిలించే పద్ధతి ఎలా ఉంటుందో అదే సూత్రం, పరిమాణం పెద్దది. ఏ పనిముట్టూ లేకుండా, తడి పైపుకైనా, చీకట్లో తడుముకుంటూ అయినా పెట్టవచ్చు కనుక దారిలో మరమ్మతుకు దీనికి మించింది లేదు. అయితే ఎంత లోతు దూరాలో ముందే పైపు మీద పెన్నుతో గీత పెట్టుకోవాలి, అర అంగుళం దానికి సుమారు అంగుళం. గీత మునిగే దాకా వెళ్లకపోతే ఓ-రింగు దాటనట్టే. పైపు ఒంటి మీద నిలువు గీతలు పడి ఉంటే ఆ ముక్క కోసేయాలి. ధర ఎక్కువ, అందుకే బండి మొత్తానికి ఇవే వేయమని నేను చెప్పను. డ్రాయరులో మూడో నాలుగో పడేసి ఉంచుకోవడం తెలివైన పని.

ఇక్కడొక చిక్కు ఉంది. అమెరికా అర అంగుళం పెక్స్ బయటి కొలత 15.9 మిల్లీమీటర్లు, మన అర అంగుళం సీటీఎస్ (రాగి గొట్టం కొలతకు చేసే) సీపీవీసీ బయటి కొలతా అంతే. ఆ పుష్-ఫిట్ ఫిట్టింగు మన సీపీవీసీకి సరిపోవడం అందుకే, సగం పాత పైపును అలాగే ఉంచి సగం మార్చేవాళ్లకు ఇది ఎంతో ఉపయోగం. కాంపోజిట్ పైపు 16 మిల్లీమీటర్లు. చూపుకు రెండూ ఒకటే, నెడితే దూరుతుంది కూడా. కానీ ఆ ఫిట్టింగు అల్యూమినియం పొర ఉన్న పైపు కోసం చేసింది కాదు. ఒక పద్ధతి పైపుకు మరో పద్ధతి ఫిట్టింగు తగిలించి అదృష్టం మీద ఆధారపడకుండా, రెంటి మధ్య అర అంగుళం నిప్పిల్, అంటే రెండు వైపులా మరలున్న చిన్న ముక్క, పెట్టి అటుది అటు, ఇటుది ఇటు బిగించుకోవడం క్షేమం.

ఆ మరల దగ్గరే తెప్పించిన సామానుతో మరో గండం ఉంది. అమెరికా సామానుకు ఎన్‌పీటీ అనే అమెరికా కొలత మరలుంటాయి, మన కుళాయిలకు, గేట్ వాల్వులకు, ట్యాంకు నిప్పిల్‌లకు బీఎస్‌పీ అనే బ్రిటిష్ కొలత మరలుంటాయి. అర అంగుళంలోనూ, ముప్పావు అంగుళంలోనూ రెంటికీ అంగుళానికి 14 చుట్లే. అందువల్ల మొదటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతాయి, మనిషి సరిపోయిందనుకుంటాడు. కానీ ఒకదాని మర కోణం 60 డిగ్రీలు, రెండోదానిది 55 డిగ్రీలు, ఒంటి కొలత కూడా కొంచెం వేరు. కొంత లోపలికి పోయాక బిగుసుకుంటుంది, టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా సన్నని కారుడు ఆగదు. బలం పెడితే ప్లాస్టిక్ మర పగులుతుంది. మనవాళ్లు ఆ సమయంలో టేపు నాసిరకమనో, ప్లంబరుకు పని రాదనో అంటారు. తెప్పించుకునే ముందు మర రకం అడగడం, తెలియకపోతే మరలేని ఫిట్టింగు, అంటే రెండు వైపులా పైపు దూరేదే తెప్పించి మరలున్న భాగాన్ని ఇక్కడే కొనడం దీనికి మందు.

పెక్స్‌కే వాడే, రాగి రింగును నొక్కి బిగించే క్రింప్ పద్ధతి గట్టిదే, ఫ్యాక్టరీలో దానికి సాటి లేదు. కాని దాని పనిముట్టు పొడవాటి చేతుల కత్తెరలా ఉంటుంది, సింకు వెనక మూలలో దాన్ని తెరవడానికి చోటు చాలదు. స్టీలు క్లాంపును ఒక చెవి దగ్గర నొక్కే పద్ధతికి తక్కువ చోటు సరిపోతుంది, ఒకే పనిముట్టు రెండు మూడు సైజులకు పనికొస్తుంది. పెక్స్‌ను సాగదీసి బిగించే మూడో పద్ధతికి ఏ-రకం పెక్స్, దాని ప్రత్యేక యంత్రం రెండూ కావాలి కనుక మనకు అనవసరం. ఫ్లెయిర్-ఇట్ తరహా ప్లాస్టిక్ ఫిట్టింగులు చేతి నట్టుతోనే బిగుస్తాయి, తక్కువ ధరకు దొరికే పుష్-ఫిట్ అనుకోవచ్చు. కాకపోతే పది రోజులకొకసారి వాటి నట్టు తడిమి చూడక తప్పదు.

అల్లిన దారం ఉన్న పీవీసీ హోసు, దానికి స్క్రూ క్లిప్పు అనే పద్ధతి పంపుకు అటూ ఇటూ ఒక్కో మూర దాకా మంచిదే, పంపు ఊపును అది మింగుతుంది. అంతకు మించి వాడితే ఎండకు హోసు మెత్తబడి క్లిప్పు కింద నుంచి జారుతుంది. తోటకు వాడే పైపును తాగేనీళ్ల లైనుకు పెట్టడం మాత్రం ఎంత మాత్రమూ తగదు. వాడిన నీళ్లు బయటికి పోయే లైనుకు ఒత్తిడి ఉండదు కనుక అక్కడ అతికించే పీవీసీ వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అమెరికా పుస్తకాల్లో, వీడియోల్లో సగం సలహా చలికాలంలో పైపుల్లో నీళ్లు గడ్డకట్టకుండా చూసుకోవడం గురించి ఉంటుంది. మనకు దానితో పనిలేదు. మన శత్రువులు ఎండ, ఎలుకలు. మన దగ్గర ఎండాకాలంలో 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి, ఎండలో నిలిపిన బండి లోపల వేడి బయటి కంటే ఎక్కువ. తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ పైపు ఒంట్లో 30 డిగ్రీల తేడా వస్తే 4 మీటర్ల పెక్స్ సుమారు 18 మిల్లీమీటర్లు సాగుతుంది, సీపీవీసీ దాదాపు 8 మిల్లీమీటర్లు. సాగేది పెక్సే ఎక్కువ, అయినా అది వదులుగా వేసినప్పుడు పక్కకు వంగి ఊరుకుంటుంది. వంగలేని సీపీవీసీ ఆ 8 మిల్లీమీటర్లను రెండు చివరల ఎల్బోల మీదికి తోస్తుంది. అందుకే మెత్తని పైపునైనా తీగలా లాగి బిగించకుండా మలుపు మలుపునా కాస్త వదులు ఉంచాలి. ఇనుప రేకు గుండా పోయే ప్రతిచోటా రబ్బరు గ్రొమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) పెట్టాలి, అది లేకపోతే రేకు అంచు పైపును రంపంలా కోస్తుంది. పెక్స్‌కు ఎండ పడదు, బండి పైకప్పు మీదుగా బయట వేయకూడదు. సైలెన్సరు దగ్గరికి పోనివ్వకూడదు. ఎలుకల విషయంలో పెక్స్ కంటే సీపీవీసీ మేలని ఒప్పుకోవాలి, మెత్తని ప్లాస్టిక్‌ను అవి ఇష్టంగా కొరుకుతాయి. బండిని నెలల తరబడి షెడ్డులో ఉంచేవాళ్లు కింది రంధ్రాలను స్టీలు పీచుతో మూసుకోవాలి.

బిగించడం అయ్యాక పరీక్ష ఖర్చులేనిది. ట్యాంకు నింపి, కుళాయిలన్నీ కట్టి, పంపు వేయాలి. ఒత్తిడి నిండగానే పంపు ఆగిపోవాలి, ఆగినది అలాగే ఉండాలి. ఎవరూ కుళాయి తిప్పకుండానే అప్పుడప్పుడూ అది ఒక్క క్షణం గుర్రుమని ఆగుతుంటే ఎక్కడో ఒత్తిడి తగ్గుతున్నట్టే. పంపు లోపలి వాల్వు పాడైనా ఇలాగే జరుగుతుంది కనుక పంపు పక్కన ఒక బాల్ వాల్వు ఉంటే దాన్ని మూసి తేల్చుకోవచ్చు. జాయింటు జాయింటు కింద పాత పత్రిక కాగితం పరిచి రాత్రి వదిలేయాలి. చేతికి తగలని చెమ్మ కూడా కాగితం మీద మచ్చగా తెలుస్తుంది. మీ పత్రిక కాగితం ఈ పనికి చాలా బాగుంటుందని చెబితే మీరు మరోలా అనుకోరని ఆశిస్తాను.

ఇక నా విన్నపాలు. వరంగల్ ఆటోనగర్‌లోనూ, కాజీపేట, హనుమకొండ వైపు షెడ్లలోనూ బండ్ల లోపలి పని చేసేవారు పైపుల మీద ప్లైవుడ్‌ను మేకులతో కొట్టకుండా స్క్రూలతో బిగించాలి, జాయింటు ఉన్న ప్రతిచోటా చేయి దూరేంత తలుపు వదలాలి. ట్యాంకు నుంచి పైపు బయలుదేరే చోట ఒకటి, సింకు, స్నానాలగది, గీజరు లైన్లు చీలే చోట ఒక్కొక్కటి చొప్పున బాల్ వాల్వులు పెట్టాలి. అవి ఉంటే ఒక లైను పాడైనా మిగతాది నడుస్తుంది, దారిలో కుటుంబం నీళ్లకు కటకటపడదు. పైపు వెళ్లే దారిని కాగితం మీద గీసి యజమానికి ఇవ్వాలి, లేదా ప్లైవుడ్ మూసే ముందు ఫోనుతో ఫొటోలైనా తీసి పంపాలి. యజమానులు కూడా బండి తెచ్చుకునే రోజున పడకల మెత్తదనం చూసినంత శ్రద్ధగా సింకు కింది తలుపు తెరిచి చూసుకోవాలి, ఏ పైపు వేశారో, దాని ఫిట్టింగు ములుగు, భూపాలపల్లి వంటి చోట్ల దొరుకుతుందో లేదో అడగాలి.

హార్డ్‌వేర్ దుకాణదారులకు ఒక మాట. కాంపోజిట్ పైపు చుట్టగా వస్తుంది కనుక ముక్క కోసి ఇవ్వడానికి కొందరు ఒప్పుకోరు. బండికి కావలసింది ఎక్కువలో ఎక్కువ పది పన్నెండు మీటర్లు, మరమ్మతుకైతే ఒక్క మీటరు. మీటరు లెక్కన అమ్మితే మిగిలిన చుట్ట నష్టమేమీ కాదు, ఒకసారి అలవాటైన కొనుగోలుదారు ఫిట్టింగులకూ అక్కడికే వస్తాడు. ఆ ఫిట్టింగుల పొట్లాల మీద లోపలి, బయటి కొలతలు, మర రకం తెలుగులో రాసి పెడితే, అంగుళాలలో ఒకరు, మిల్లీమీటర్లలో మరొకరు అడిగి తప్పు సామాను పట్టుకుపోవడం తగ్గుతుంది.

మన ఐటీఐలలో ప్లంబింగ్ చదివే పిల్లలకు గోడలో వేసే పైపుతో పాటు, కదిలే చోట వేసే పైపు కూడా చేత్తో చేయించి చూపించాలి. క్యారవాన్లు ఎన్ని ఉంటాయని అడగవచ్చు. కానీ జాతరలకు వచ్చే సంచార మరుగుదొడ్లు, తిరిగే టిఫిను బండ్లు, రక్తదాన వాహనాలు, సినిమా వాళ్ల వ్యానిటీ వ్యాన్లు అన్నింటిలోనూ ఇదే పంపు, ఇదే పైపు, ఇదే లీకు. వీటికి కంప్రెషన్ ఫిట్టింగు సరిగా వేయగల కుర్రాడికి మన జిల్లాల్లో పని దొరకకుండా ఉండదు.

చివరగా, బండి కట్టి ఇచ్చేవాళ్లు తాళాలతో పాటు ఒక చిన్న డబ్బా ఇచ్చే పద్ధతి పెట్టాలని కోరుతున్నాను. అందులో ఆ బండిలో వేసిన రకానిదే ఒక మీటరు పైపు, రెండు కప్లింగులు, ఒక టీ, ఒక ఎండ్ క్యాప్, కొన్ని ఓ-రింగులు, టెఫ్లాన్ టేపు, ఒక పైపు కట్టరు ఉండాలి. ఎండ్ క్యాప్ ఎందుకంటే, బాగుచేయడం చేతకాని చోట పాడైన లైనును కోసి దాని నోరు మూసేస్తే మిగతా బండికి నీళ్లు ఆగవు. బండి మొత్తం ఖర్చులో ఈ డబ్బా ధర లెక్కకే రాదు. తమ బండ్లతో ఈ డబ్బా ఇప్పటికే ఇస్తున్న షెడ్లు మన జిల్లాల్లో ఉంటే, వారు ఏ పైపు, ఏ ఫిట్టింగులు వాడుతున్నారో మీ పత్రిక ద్వారా తెలియజేయవలసిందిగా మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
హనుమకొండ